116 మి.మీ. నడుము: వెడల్పు పౌడర్ స్కీ ఎక్కడ తేలుతుంది, ఎక్కడ తేలిపోతుంది?

మూడు రోజులు, రెండు జతల స్కీలు, ఒకటే కొండ. గుల్‌మార్గ్‌లో నాకు జరిగింది ముందు చెప్తాను, స్పెక్స్ సంగతి తర్వాత చూద్దాం.

మొదటి రోజు అద్దె షాపులో ఇచ్చిన స్కీ నడుము 72 మి.మీ. మెషీన్‌తో చదును చేసిన ట్రాక్ మీద బ్రహ్మాండంగా నడిచింది. ఆ రాత్రంతా మంచు కురిసింది. రెండో రోజు పొద్దున గండోలా మొదటి స్టేజ్ దిగి, ట్రాక్ పక్కనే దేవదారు చెట్ల మధ్య ఉన్న తాజా మంచులోకి అదే స్కీతో దిగాను. నాలుగు గజాలు పోయానో లేదో ముక్కులు మంచు కిందకి దూరాయి, నేను ముందుకు పల్టీ కొట్టాను. ఒక స్కీ ఊడి మంచులో ఎక్కడికో పోయింది. దాన్ని వెతకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. తొడల దాకా దిగబడుతూ వెతకడం అంటే ఎలా ఉంటుందో, దమ్ము చేసిన మడిలో చెప్పు పోగొట్టుకున్నవాళ్లకి తెలుసు.

మధ్యాహ్నం షాపుకెళ్లి మార్చుకున్నాను. ఈసారి 116. అదే చెట్లు, అదే మంచు, అదే నేను. కానీ ముక్కులు పైకి లేచే ఉన్నాయి, మలుపులు వాటంతట అవే వస్తున్నట్టు అనిపించింది. "ఇన్నాళ్లూ స్కీయింగ్ రాదనుకున్నాను, స్కీ తప్పన్నమాట" అని సంబరపడిపోయా.

ఆ సంబరం ఒక్క రాత్రి ఉంది. మూడో రోజు ఆకాశం తేటపడింది, రాత్రి చలికి ట్రాక్ రాయిలా బిగుసుకుపోయింది. అదే 116 స్కీ మీద మొదటి మలుపులోనే అంచు పట్టు వదిలేసింది. నడుం మీద పడి జారుకుంటూ కంచె దాకా వెళ్లాను. సాయంత్రానికి మోకాలు లోపలి వైపు సన్నగా నొప్పి.

ఒకే స్కీ 24 గంటల్లో హీరో నుంచి జీరో ఎలా అయింది? ఈ ఆర్టికల్ అంతా దాని గురించే.

ముందు ఆ మూడు నంబర్లు చదవడం నేర్చుకుందాం

స్కీ మీద 142-116-132 లాంటి మూడు అంకెలు రాసి ఉంటాయి. ముక్కు దగ్గర వెడల్పు, నడుము అంటే బూటు కింద వెడల్పు, తోక దగ్గర వెడల్పు. అన్నీ మిల్లీమీటర్లలోనే. అందరూ మాట్లాడుకునేది మధ్య అంకె గురించి. ఫోన్లలో మెగాపిక్సెల్ లాంటిది ఇది: ఉపయోగం ఉంది, కానీ కథంతా అదే కాదు.

రేసుల్లో వాడే స్కీల నడుము 65 చుట్టూ ఉంటుంది. రిసార్ట్‌లో ట్రాక్ మీద తిరిగేవాళ్లు 70 నుంచి 85 వాడతారు. 90 నుంచి 105 దాకా ఆల్‌రౌండర్ వర్గం. 110 దాటితే పౌడర్ స్కీ అనొచ్చు. అటామిక్ బెంట్ చెట్లర్ 120, ఫోల్కల్ రివోల్ట్ 121 లాంటి మోడళ్లకైతే పేరులోనే నడుము కొలత ఉంటుంది. శాలమన్ క్యూఎస్‌టీ బ్లాంక్ 112 దగ్గర ఆగుతుంది.

ఇంకో నంబర్ టర్న్ రేడియస్. స్కీ పక్క వంపును పూర్తి వృత్తంగా గీస్తే దాని వ్యాసార్ధం ఎంతో అది. స్లాలమ్ స్కీకి 12, 13 మీటర్లు, పౌడర్ స్కీలకు సాధారణంగా 18 నుంచి 25. అంటే గట్టి మంచు మీద అంచుతో చెక్కుకుంటూ వెళ్తే పౌడర్ స్కీ పెద్ద పెద్ద మలుపులే ఇస్తుంది.

తేలడం వెనక లెక్క

ఊళ్లో నాట్ల కాలంలో ట్రాక్టర్‌కి ఇనుప కేజ్‌వీల్స్ బిగించడం చూసే ఉంటారు. మడిలో మామూలు టైరు కూరుకుపోతుంది, వెడల్పాటి ఇనుప చక్రం బరువుని ఎక్కువ చోటుకి పంచి తేలుస్తుంది. పౌడర్ స్కీ చేసేది సరిగ్గా అదే. ఆ కేజ్‌వీల్స్‌తో తారు రోడ్డెక్కితే ఏమవుతుందో కూడా మీకు తెలుసు. ఆ సగం కథకి కాసేపాగి వద్దాం.

లెక్క వేద్దాం. మనిషి, బట్టలు, బూట్లు, బ్యాగ్ కలిపి 85 కేజీలు అనుకోండి. స్కీ లేకుండా ఒక బూటు మీద నిలబడితే, బూటు అడుగు సుమారు 300 చదరపు సెంటీమీటర్లు, ప్రతి చదరపు సెంటీమీటర్ మీద 280 గ్రాముల పైనే పడుతుంది. 170 సెం.మీ. పొడవు, 72 నడుము ఉన్న జత మీద నిలబడితే అది 27 గ్రాములకి దిగుతుంది. 185 సెం.మీ., 116 నడుము ఉన్న జత మీద 18 గ్రాములు. అంటే సన్న స్కీతో పోల్చినా ఒత్తిడి మూడో వంతు తగ్గింది. ముక్కు, తోకల వంపుని లెక్కలోకి తీసుకోకుండా వేసిన ఉజ్జాయింపు ఇది, కానీ తేడా ఎంతో అర్థం కావడానికి చాలు.

ఇది ఆగి ఉన్నప్పటి లెక్క. కదిలేటప్పుడు ఇంకొకటి కలుస్తుంది. స్పీడ్ బోట్ వేగం అందుకోగానే ముక్కు పైకి లేచి నీటి మీద జారుతుంది చూశారా, స్కీ కూడా అంతే. వేగం పెరిగేకొద్దీ కింది మంచు పైకి నెడుతుంది. సన్న స్కీని కూడా లోతు మంచులో తేలించొచ్చు, కాకపోతే దానికి చాలా వేగం కావాలి, వెనక్కి వాలి తొడల మీద భారం మోయాలి. వెడల్పు స్కీ తక్కువ వేగంలోనే తేలుతుంది. చెట్ల మధ్య నిదానంగా వెళ్లాల్సిన నాలాంటివాడికి అసలు లాభం ఇదే. రెండో రోజు మధ్యాహ్నం నేనేమీ హఠాత్తుగా నేర్చేసుకోలేదన్నమాట.

ఇక్కడ చిన్న చరిత్ర. 1980ల చివర్లోనే ఆస్ట్రియా కంపెనీ అటామిక్ పౌడర్ మ్యాజిక్ అనే వెడల్పు స్కీ తెచ్చింది. చూసినవాళ్లు అది ముసలివాళ్ల స్కీ అని నవ్వారట. అసలు మలుపు షేన్ మెక్‌కాంకీతో వచ్చింది. ఆయన అలాస్కా కొండల మీద వాటర్ స్కీలకి బైండింగులు బిగించి దిగాడు. నీటి మీద తేలే ఆకారం మెత్తటి మంచు మీద ఎందుకు తేలదు అన్నదే ఆయన ప్రశ్న. అందులోంచి 2002లో వోలాంట్ స్పాచ్యులా పుట్టింది. మామూలు స్కీకి పూర్తి తలకిందులు: నడుము దగ్గర లావు, చివర్లు సన్నం, కింద పెడితే మధ్య భాగం నేలకి ఆనుతుంది, ముక్కు తోక గాల్లో ఉంటాయి. తర్వాత కే2 కంపెనీ 130 మి.మీ. నడుముతో పాంటూన్ తీసుకొచ్చింది. ఇవాళ మార్కెట్లో ఉన్న దాదాపు ప్రతి పౌడర్ స్కీలోనూ ఆ ఆలోచన ఎంతో కొంత ఉంది.

పొడి మంచు, తడి మంచు: రెండూ పౌడరే, ఒకటి కాదు

తాజాగా పడిన పొడి మంచు ఒక ఘనపు మీటరు 50 నుంచి 100 కేజీలే తూగుతుంది. మిగతాదంతా గాలి. అమెరికాలో యూటా రాష్ట్రం, జపాన్‌లో హొక్కైడో దీనికే పేరు. సైబీరియా నుంచి వచ్చే చల్లగాలి జపాన్ సముద్రం మీద తేమ పీల్చుకుని హొక్కైడో కొండల మీద కుమ్మరిస్తుంది, నిసెకోకి ప్రపంచం నలుమూలల నుంచి జనం వెళ్లేది ఆ మంచు కోసమే. ఇలాంటి మంచులో 112 నుంచి 120 నడుము అంటే పండగ. ఇంకా లావుగా పోతే వింత జరుగుతుంది: స్కీ మరీ పైపైనే తేలిపోయి, మంచులో మునిగి లేచే ఆ ఫీలింగే రాదు. నడుముల దాకా మంచు ఎగజిమ్ముతూ వెళ్లడం ఇష్టపడేవాళ్లు కావాలనే 105 దగ్గర ఆగుతారు. ఇది రుచి విషయం, తప్పొప్పులు లేవు.

సియాటెల్ చుట్టుపక్కల కొండల్లో పడేది వేరే సరుకు. సముద్రం దగ్గర, చలి తక్కువ, మంచులో నీళ్లెక్కువ. అక్కడివాళ్లు దాన్ని క్యాస్కేడ్ కాంక్రీట్ అని వెటకారంగా పిలుచుకుంటారు. పడటం మాత్రం దండిగా పడుతుంది: అదే రాష్ట్రంలోని మౌంట్ బేకర్‌లో 1998-99 సీజన్‌లో 1,140 అంగుళాలు, అంటే దాదాపు 29 మీటర్లు పడి ప్రపంచ రికార్డు అయింది. ఈ బరువైన మంచు స్కీని పక్కకి తిరగనివ్వదు, పిండి ముద్దలో గరిటె తిప్పినట్టు ఉంటుంది. వెడల్పు ఇక్కడా పనికొస్తుంది, నిజానికి చాలామంది అనుకునేదానికంటే ఎక్కువే. కాకపోతే వెడల్పుతో పాటు ముక్కు దగ్గర బాగా పైకి లేచిన వంపు, కొంచెం బిగువు రెండూ ఉండాలి. మరీ మెత్తటి స్కీ అయితే ముక్కు మడత పడి మీకు బ్రేక్ వేసేస్తుంది.

11 గంటల తర్వాత

పౌడర్ వీడియోల్లో ఎవరూ చూపించని సంగతి ఒకటుంది. రిసార్ట్‌లో తాజా మంచు పొద్దున రెండు గంటలే. ఆ తర్వాత వందల మంది దాన్ని కోసి, గుట్టలు గుట్టలుగా చేసేస్తారు. ఒక చోట మెత్తన, పక్కనే గట్టి, మధ్యలో గుంత. దీన్ని చాప్ అంటారు. పౌడర్ స్కీ కొన్నవాళ్లు పౌడర్ రోజున కూడా ఎక్కువసేపు నడిపేది ఈ చాప్‌లోనే.

ఇక్కడ వెడల్పు కంటే బరువు ముఖ్యం. తేలికైన స్కీ ప్రతి గుట్టకీ తగిలి పక్కకి ఎగురుతుంది. బరువైనది, లోపల టైటానల్ అనే అల్యూమినియం మిశ్రమ రేకు ఉన్నది, గుట్టని చీల్చుకుంటూ పోతుంది. బెంట్ చెట్లర్ 120 ఇంత వెడల్పున్నా 184 సెం.మీ. సైజులో ఒక్కో స్కీ 2 కేజీల లోపే ఉంటుంది. అది గాల్లో తిరగడానికీ, మెత్తటి మంచులో ఆడుకోవడానికీ చేసింది. రివోల్ట్ 121 బరువైన వర్గం, 2 కేజీల పైనే, చాప్‌లో అది కుదురుగా ఉంటుంది. రెండింటి నడుముకీ తేడా ఒక్క మిల్లీమీటరే. స్పెక్ షీట్‌లో నడుము ఒక్కటే చూసి కొనేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

బరువుకి కూడా మూల్యం ఉంది. లిఫ్ట్ లేని చోట కొండ ఎక్కి దిగేవాళ్లకి ప్రతి అడుగులో ఆ బరువు ఎత్తాలి. పౌలోనియా చెక్క, కార్బన్ పొరలతో చేసినవి వాళ్ల కోసమే.

గట్టి మంచు: కేజ్‌వీల్స్ తారు రోడ్డెక్కిన వేళ

ఇదే నన్ను పడేసిన చోటు, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

గట్టి మంచు మీద స్కీ అడుగు భాగానికి పని లేదు. పనంతా ఉక్కు అంచుదే. స్కీ బూటు అడుగు వెడల్పు ముందు భాగంలో దాదాపు 70 మి.మీ. 72 స్కీ మీద నిలబడితే అంచు దాదాపు మీ బూటు అంచు కిందే ఉంటుంది. కాలు వంచగానే బరువు నేరుగా దాని మీద పడుతుంది. 116 స్కీ అయితే అంచు బూటుకి బయట 23 మి.మీ. దూరంలో ఉంటుంది. మంచు ఆ అంచుని పైకి నెడుతుంది, మీ బరువు దానికి లోపల పక్కన పడుతుంది. ఫలితంగా స్కీ ఎప్పుడూ బల్లపరుపుగా పడుకోవాలనే చూస్తుంది. దాన్ని నిలబెట్టి ఉంచాల్సింది ఎవరు? మీ చీలమండ, మోకాలు. మోకాలు పక్కకి మెలిపడే భారం మోయడానికి పుట్టింది కాదు. సాయంత్రం నాకు నొప్పి వచ్చింది పడ్డందుకు కాదు, పడకముందు అర గంట దాన్ని నిలబెట్టడానికి తంటాలు పడినందుకు.

ఇంకో సంగతి, ఒక అంచు నుంచి రెండో అంచుకి మారడానికి వెడల్పు స్కీకి ఎక్కువ టైమ్ పడుతుంది. చిన్న చిన్న మలుపులు కావాల్సిన చోట ఆ ఆలస్యం స్పష్టంగా తెలుస్తుంది. దానికి తోడు రాకర్. ముక్కు, తోక నేలకి ఎడంగా లేచి ఉంటాయి కాబట్టి, 185 సెం.మీ. స్కీలో నిజంగా మంచుని పట్టుకునే అంచు పొడవు చాలా తక్కువ. మిగతా ముక్కు గాల్లో టపటపా కొట్టుకుంటుంది. మొదటిసారి విన్నప్పుడు ఏదో ఊడిపోతోంది అనుకున్నా.

అలాగని వెడల్పు స్కీలన్నీ గట్టి మంచు మీద పనికిరావని కాదు. బూటు కింద క్యాంబర్ ఉండి, ముక్కు తోకల దగ్గరే రాకర్ ఉన్న డిజైన్లు ఇప్పుడు మామూలైపోయాయి. మెషీన్ దువ్విన మెత్తటి ట్రాక్ మీద ఇవి పెద్ద మలుపుల్లో హాయిగానే వెళ్తాయి. అద్దంలా మెరిసే ఐస్ మీద మాత్రం ఏ టెక్నాలజీ ఆ 23 మి.మీ.ని మాయం చేయలేదు.

మిగతావి టకటకా

పెచ్చు కట్టిన మంచు: పైన అప్పడంలా పొర, కింద మెత్తన. ఒక స్కీ పైన, ఒకటి లోపల ఇరుక్కుంటే ఇక అంతే. రాకర్ ఉన్న వెడల్పు స్కీ ముక్కు పొర కిందకి దూరదు కాబట్టి సన్న స్కీ కంటే చాలా నయం. రెండు కాళ్ల మీదా బరువు సమానంగా ఉంచండి. ఎంత చేసినా ఇది ఎవరికీ సరదా కాదు.

గాలి అదిమిన మంచు: గట్టిగా, సుద్దముక్కలా ఉంటుంది, అంచు దిగుతుంది. 100 నుంచి 110 సుఖం. 120 కొంచెం మొద్దుగా అనిపిస్తుంది.

ఎండాకాలం జావ: మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో మంచు నీళ్లోడుతూ ఉంటుంది. ఇక్కడ వెడల్పు స్కీ ఆశ్చర్యపరుస్తుంది, సన్నది కూరుకుపోయే చోట ఇది సర్రున జారుతుంది. అదే కొండ పొద్దున్నే గాజులా ఉంటుందని మర్చిపోకండి.

గుట్టల ట్రాక్, అంటే మొగల్స్: వద్దు.

సరే, కొనాలా?

సియాటెల్‌లో ఉండే మా బావ ఈ మధ్య ఫోన్ చేశాడు. వారాంతాల్లో స్నోక్వాల్మీ, స్టీవెన్స్ పాస్‌లకి వెళ్తుంటాడు. "ఏరా, రివ్యూలు రాస్తావు కదా, నాకు ఒక్క మాటలో చెప్పు. 120 తీసుకోనా, 98 తీసుకోనా?"

"పోయిన సీజన్‌లో ఎన్ని రోజులు వెళ్లావు బావా?"

"పన్నెండు, పదమూడు."

"అందులో మోకాలి లోతు తాజా మంచు ఉన్నవి?"

కాసేపు ఆలోచించి "రెండు" అన్నాడు. జవాబు ఆయనే చెప్పేశాడు. మిగతా పది రోజుల కోసం 98 కొని, ఆ రెండు రోజులకి పౌడర్ స్కీ అద్దెకి తీసుకోమన్నాను. బైండింగులతో కలిపి కొత్త జత ధర ఒక ఫ్లాగ్‌షిప్ ఫోన్‌కి అటూ ఇటూగా ఉంటుంది. ఏడాదికి రెండు రోజులు వాడే ఫ్లాగ్‌షిప్ ఎవరికి కావాలి? ఇప్పటికే ఒక ఆల్‌రౌండర్ జత ఉండి, మంచు పడిందంటే ఆఫీసుకి సెలవు పెట్టే రకమైతే లెక్క వేరు. అప్పుడు 112 నుంచి 118 మధ్య చూడండి. పూర్తిగా కొత్తవాళ్లు మాత్రం 75-85 మీదే నేర్చుకోండి. వెడల్పు స్కీ మీద మొదలుపెడితే అంచు వాడటం అలవాటే కాదు.

కొనేటప్పుడు జనం మర్చిపోయే రెండు విషయాలు. బైండింగ్ బ్రేకుల వెడల్పు నడుముకి సరిపోవాలి, 116 స్కీకి 100 బ్రేక్ దిగదు, 120 అడగండి. రెండోది పొడవు. చివర్లు పైకి లేచిన స్కీ మంచు మీద పొట్టిగా ప్రవర్తిస్తుంది కాబట్టి, మీ ట్రాక్ స్కీ కంటే 5 నుంచి 10 సెం.మీ. పొడవు తీసుకున్నా భయం లేదు.

స్పెక్ షీట్‌లో ఉండని సంగతి

వెడల్పు స్కీ లోతు మంచులోకి వెళ్లడం సులువు చేస్తుంది. ప్రమాదం అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే లోతు మంచు ఉన్న 30 నుంచి 45 డిగ్రీల వాలులే హిమపాతాలు ఎక్కువగా జారే చోట్లు కూడా. గుల్‌మార్గ్ గండోలా రెండో స్టేజ్ దిగితే మీరు అఫర్వట్ మీద దాదాపు 3,900 మీటర్ల పైన ఉంటారు, చుట్టూ చదును చేయని వాలులే. 2023 ఫిబ్రవరిలో అక్కడే హిమపాతంలో పోలండ్ నుంచి వచ్చిన ఇద్దరు స్కీయర్లు చనిపోయారు. గైడ్ లేకుండా, ఆ రోజు హెచ్చరిక చదవకుండా ఎక్కొద్దు.

బీకన్, ప్రోబ్ అనే పొడవాటి కర్ర, పార: ఈ మూడూ ఒంటి మీద, బ్యాగ్‌లో ఉండాలి, వాడటం ముందే ప్రాక్టీస్ చేసి ఉండాలి. మంచు కింద పడ్డవాళ్లు బతికే అవకాశం మొదటి 10-15 నిమిషాల తర్వాత వేగంగా పడిపోతుంది. బయటి నుంచి సాయం వచ్చేదాకా ఆగేంత టైమ్ ఉండదు, పక్కనున్నవాడే తవ్వాలి. నా స్కీ వెతకడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టిందని చెప్పాను కదా.

గ్యాడ్జెట్ ప్రియులకి ఒక హెచ్చరిక కూడా ఉంది. అన్ని కంపెనీల బీకన్లూ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి, మన ఫోన్లు, స్మార్ట్‌వాచ్‌లు, యాక్షన్ కెమెరాలు, బ్యాటరీతో వేడెక్కే గ్లోవ్స్ అన్నీ ఆ సిగ్నల్‌ని పాడుచేయగలవు. బీకన్ పంపే మోడ్‌లో ఉన్నప్పుడు వీటిని కనీసం 20 సెం.మీ. దూరంలో, వెతికే మోడ్‌లో 50 సెం.మీ. దూరంలో ఉంచాలని బీకన్ తయారీదారులే చెప్తారు. చలికి లిథియం బ్యాటరీ ఎలాగూ టక్కున పడిపోతుంది, ఐఫోన్‌కి యాపిల్ చెప్పే వాడకపు ఉష్ణోగ్రతే 0 నుంచి 35 డిగ్రీలు. బీకన్ ఛాతీ మీద, ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ప్యాంటు లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా. ఫొటోల కోసం మాటిమాటికీ ఛాతీ జేబులో పెట్టుకునే అలవాటుంటే గండోలా ఎక్కేముందే ఆ జేబు జిప్ వేసేయండి.